పాప రాసిన ‘స్టార్’ ఎందుకు తప్పయింది? ఇచ్చిన అక్షరాలతో ఇంగ్లిష్ పదాలు వెతికే పద్ధతి

ప్రశ్న అడిగిన తల్లిగారికి నమస్తే. మీరు రాసింది కుదించి చెబితే ఇదీ సంగతి. పాప ఏడో తరగతి. వర్క్‌షీట్‌లో ఏ, ఈ, ఆర్, ఎస్, టీ అని ఐదు అక్షరాలిచ్చి, ‘ఈ అక్షరాలు ఉన్న ఇంగ్లిష్ పదాలు ఇరవై రాయండి’ అన్నారు. పాప మొదట రాసిన మాట ‘స్టార్’. టీచర్ కొట్టేశారు. మీరు ఒక వెబ్‌సైట్‌లో ఆ అక్షరాలు కొడితే పేజీలకు పేజీలు పదాలొచ్చాయి, సగం మీరెప్పుడూ విననివి. పాప మూతి ముడుచుకుని కూర్చుంది, మీకేమో టెన్షన్. ‘ఇలాంటివి వెతకడానికి పద్ధతంటూ ఏమైనా ఉందా’ అని అడిగారు.

ఉందమ్మా. నేను ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ చెప్పి రిటైరైన మాస్టారిని. దానికి తోడు అక్షరాల బిళ్లలతో ఇంగ్లిష్ పదాలు పేర్చే స్క్రాబుల్ ఆట అంటే పిచ్చి. ఇంట్లో వాళ్లు విసుక్కునేంత పిచ్చి. కాబట్టి ఈ సమాధానం కాస్త పొడుగవుతుంది. ఇంగ్లిష్ అక్షరాలను కూడా తెలుగులోనే పలికినట్టు రాస్తున్నాను, పక్కన కాగితం పెట్టుకుని స్పెల్లింగ్ రాసుకుంటూ చదవండి. పాపను పక్కన కూర్చోబెట్టుకుంటే మరీ మంచిది.

ముందు ‘స్టార్’ సంగతి తేల్చుకుందాం. ‘ఈ అక్షరాలు ఉన్న పదాలు’ అనే వాక్యంలో కనీసం నాలుగు వేర్వేరు ప్రశ్నలు దాక్కుని ఉన్నాయి. ఒకటి, ఆ ఐదు అక్షరాలే, ఐదూ వాడి, ఇంకేమీ కలపకుండా ఉండే పదాలు. ‘టియర్స్’ అలాంటిది. రెండోది, ఆ ఐదింటిలోంచి మాత్రమే తీసుకోవాలి, అన్నీ వాడక్కర్లేదు. అప్పుడు ‘స్టార్’, ‘టీ’, ‘రెస్ట్’, ‘సీట్’ అన్నీ చెల్లుతాయి. మూడోది, ఆ ఐదూ పదంలో తప్పకుండా ఉండాలి, పక్కన వేరే అక్షరాలు ఎన్ని ఉన్నా ఫరవాలేదు. ‘బ్రేక్‌ఫాస్ట్’ ఇక్కడికి వస్తుంది. నాలుగోది, ఇచ్చిన అక్షరాలు అదే వరసలో, పక్కపక్కనే ఉండాలి. ఎస్-టీ-ఏ-ఆర్ అని వరసగా ఇస్తే ‘స్టార్ట్’లో ఉంది, ‘స్టార్వ్’లో ఉంది, ఆవాలకు మనం ఇంగ్లిష్‌లో అనే ‘మస్టర్డ్’ నడుమ కూడా ఉంది.

మీ పాప రెండో ప్రశ్నకు జవాబు రాసింది. టీచర్ మనసులో ఉన్నది మూడోది. ‘స్టార్’లో ఈ అనే అక్షరం లేదు, అందుకే ఎర్ర గీత పడింది. తప్పు పిల్లది కాదు, వాక్యానిది. నేనూ సర్వీసులో ఉన్నప్పుడు ఇలాంటి వాక్యాలు ఎన్నో రాసే ఉంటాను, ఇప్పుడు ఒకరిని అనే హక్కు నాకు లేదు.

ఇంకో చిక్కు కూడా చూసుకోవాలి. ఒక అక్షరాన్ని రెండుసార్లు వాడొచ్చా? ‘ఎస్టేట్’ స్పెల్లింగ్ చూడండి, ఈ రెండు, టీ రెండు ఉన్నాయి. చేతిలో ఐదే బిళ్లలు ఉండే స్క్రాబుల్ లెక్కలో అది కుదరదు. న్యూయార్క్ టైమ్స్ వాళ్ల ‘స్పెల్లింగ్ బీ’ అనే ఆటలో మాత్రం ఏ అక్షరాన్నైనా ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు. అందులో ఏడు అక్షరాలిస్తారు, నడుమనున్న అక్షరం ప్రతి పదంలో ఉండి తీరాలి, పదానికి కనీసం నాలుగు అక్షరాలుండాలి. వెబ్‌సైట్లలో కొన్ని ఒక లెక్కలో, కొన్ని ఇంకో లెక్కలో వెతుకుతాయి, ఏ లెక్కో పైకి చెప్పవు. మీకు పేజీలకు పేజీలు వచ్చింది అందుకే.

ఇప్పుడు మూడో ప్రశ్నకే కట్టుబడి, పెన్సిల్‌తో వెతుకుదాం.

మొదటి మెట్టు, ఆ ఐదింటినే తిప్పి తిప్పి చూడటం. ఐదు అక్షరాలను 120 రకాలుగా పేర్చవచ్చు, అన్నీ రాయక్కర్లేదు. అక్షరాలను వరసలో కాకుండా గుండ్రంగా రాయమనండి. వరసలో రాస్తే కన్ను ఎడమ నుంచి కుడికే చదువుతుంది, ఒకే మాట పదే పదే కనబడుతుంది. గుండ్రంగా రాస్తే ఎక్కడ మొదలుపెట్టినా మొదలే. అలా చూస్తే ‘స్టేర్’, ‘టియర్స్’, ‘రేట్స్’ తొందరగా దొరుకుతాయి. చామంతి కుటుంబానికి చెందిన ‘ఆస్టర్’ అనే పువ్వు కూడా ఈ ఐదింటితోనే వస్తుంది. పోలీసుల దగ్గరుండే ‘టేజర్’ కూడా అంతే, నడుమ జెడ్ వినబడుతుంది గానీ రాసేది ఎస్.

రెండో మెట్టు నాకు బాగా ఇష్టమైనది. ఐదింటి పక్కన ఏ నుంచి జెడ్ దాకా ఒక్కో అక్షరాన్నే చేర్చుకుంటూ పోవాలి, ప్రతిసారీ ఆరక్షరాల మాట వస్తుందేమో చూడాలి. పని చాకిరీలా ఉంటుంది గానీ, పిల్లలకు ఇందులో వేటాడుతున్న సరదా ఉంటుంది. సీ కలిపితే ఒక్కసారిగా గంపెడు పడతాయి: ‘క్రేట్స్’, ‘ట్రేసెస్’, ‘రియాక్ట్స్’, ‘కేటర్స్’, ‘రీకాస్ట్’. డీ కలిపితే ‘ట్రేడ్స్’. ఎఫ్ కలిపితే ‘ఫాస్టర్’. జీ కలిపితే ‘గ్రేట్స్’. హెచ్ కలిపితే ‘హార్ట్స్’. ఐ కలిపితే ‘సెటైర్’, మన టీవీ చర్చల్లో రోజూ వినబడే మాట. కే కలిపితే ‘స్కేటర్’, ‘స్ట్రీక్’. ఎల్‌కు ‘అలర్ట్స్’. ఎంకు ‘మాస్టర్’, ‘స్ట్రీమ్’. ఇంకో ఆర్ కలిపితే ‘అరెస్ట్’, ఇంకో ఎస్ కలిపితే ‘అసర్ట్’, ఇంకో టీ కలిపితే ‘ట్రీట్స్’. వీకి ‘స్టార్వ్’. డబ్ల్యూకు ‘వాటర్స్’. ఇక్కడిదాకా వచ్చాక ఎక్స్ దగ్గర పిల్లలు ఆగిపోతారు, ఇంకేముంటుందిలే అని. ‘ఎక్స్‌ట్రాస్’ ఉంది. జెడ్‌కు కూడా ఉంది, ‘ఎర్జాట్స్’ అనే జర్మన్ మాట ఇంగ్లిష్‌లో స్థిరపడింది, అసలుకు బదులు వాడే నకిలీ సరుకు అని అర్థం. ఏడో తరగతి పిల్లకు అది అక్కర్లేదు. జే, క్యూల దగ్గర నాకేమీ దొరకలేదు.

ఇంకో ఈ కలిపితే ‘ఈస్టర్’ వస్తుంది. పండగ పేరు కాబట్టి కొందరు టీచర్లు ఒప్పుకోరు. దాని బదులు ‘టీజర్’ రాయమనండి. కొత్త సినిమా టీజర్ అంటే తెలియని పిల్లలెవరు? స్పెల్లింగ్ టీ-ఈ-ఏ-ఎస్-ఈ-ఆర్, ఐదూ ఉన్నాయి.

లెక్కపెట్టి చూడండి, ఈ రెండు మెట్లలోనే ఇరవై దాటేశాయి. అయినా మూడో మెట్టు చెప్పకుండా ఉండలేను, పెద్ద పదాలకు అదే దారి.

ఇంగ్లిష్ మాటలకు తోకలుంటాయి. ముందు తోకను పక్కన పెట్టి, మిగిలిన అక్షరాలనే వెతకాలి. ‘అన్నింటికంటే ఎక్కువ’ అని చెప్పే ఈ-ఎస్-టీ తోకను తీసుకోండి. అది ఒక్కటే మన ఐదింటిలో మూడింటిని మోసేస్తుంది. మిగిలింది ఏ, ఆర్. అంటే ఏ, ఆర్ రెండూ ఉన్న చిన్న విశేషణం ఏది దొరికినా పని అయిపోయినట్టే: ‘లార్జెస్ట్’, ‘నియరెస్ట్’, ‘డార్కెస్ట్’, ‘హార్డెస్ట్’, ‘షార్పెస్ట్’, ‘స్మార్టెస్ట్’. పాప ఐదు నిమిషాల్లో పది రాస్తుంది. అదే విధంగా పనిచేసేవాళ్లను సూచించే ఈ-ఆర్-ఎస్ తోక తీసుకుంటే మిగిలేది ఏ, టీ: ‘పెయింటర్స్’, ‘వెయిటర్స్’, ‘స్టార్టర్స్’. ముందు తగిలే ముక్కలూ ఉన్నాయి. టీ-ఆర్-ఏ-ఎన్-ఎస్ ముక్క మన ఐదింటిలో నాలుగింటిని మోస్తుంది, ఒక్క ఈ కావాలి: ‘ట్రాన్స్‌ఫర్’, ‘ట్రాన్స్‌లేట్’. ‘ట్రాన్స్‌పోర్ట్’ మాత్రం కుదరదు, అందులో ఈ లేదు. గవర్నమెంటు ఉద్యోగుల ఇళ్లలో ‘ట్రాన్స్‌ఫర్’ మాటకు స్పెల్లింగ్ ఎవరూ నేర్పక్కర్లేదు.

రోజూ నోటికొచ్చే మాటల్లోనూ ఈ ఐదూ ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి. ‘బ్రేక్‌ఫాస్ట్’, ‘రెస్టారెంట్’, ‘ఎస్టర్‌డే’, ‘అండర్‌స్టాండ్’, ‘స్వెటర్’, ‘సెపరేట్’. ‘టీచర్’లో ఎస్ లేదు, ‘టీచర్స్’లో ఉంది. ఇంకా సరదా అయినది ‘స్టేషనరీ’. పుస్తకాలు, పెన్నులు అనే అర్థంలో రాసేటప్పుడు చివర ఈ-ఆర్-వై వస్తుంది, కాబట్టి అది చెల్లుతుంది. కదలకుండా ఉన్నది అనే అర్థంలో ఏ-ఆర్-వై వస్తుంది, అందులో ఈ ఎక్కడా లేదు, కాబట్టి చెల్లదు. పలకడానికి రెండూ ఒకటే.

మన పిల్లలకు అసలు ఇబ్బంది ఇక్కడే వస్తుంది. తెలుగులో మనం వినబడినట్టే రాస్తాం. తెలుగు గళ్ల నుడికట్టులో ఒక్కో గడిలో గుణింతం, ఒత్తులతో సహా మొత్తం అక్షరం కూర్చుంటుంది, ‘స్త్రీ’ అనే మాటకు ఒక్క గడి చాలు. ఇంగ్లిష్‌లో ఎస్, టీ, ఆర్ అని విడివిడిగా గళ్లు పంచుకోవాలి, పైగా పలకని అక్షరాలకు కూడా గడి ఇవ్వాలి. మన పిల్ల చెవితో వెతుకుతుంది, ఇంగ్లిష్ పదం కంటికి మాత్రమే దొరుకుతుంది. ఎన్, ఐ, జీ, హెచ్, టీ ఇచ్చి రెండు మాటలు చెప్పమంటే ‘నైట్’ వెంటనే చెబుతారు. రెండోది ‘థింగ్’. అవే ఐదు అక్షరాలు! శబ్దంలో ఎక్కడా పోలిక లేదు కాబట్టి ఎవరికీ తట్టదు. ముందర ఒక కే పెడితే గుర్రపు వీరుడు ‘నైట్’ వస్తాడు, అదీ పలకని కే. నేను క్లాసులో ఒక చిట్కా చెప్పేవాణ్ణి: ఏమీ దొరకనప్పుడు పలకని జతలను గుర్తు తెచ్చుకోండి అని. ముందు కే-ఎన్, డబ్ల్యూ-ఆర్, పీ-ఎస్. చివర ఎం-బీ, ఎం-ఎన్. నడుమ జీ-హెచ్. అచ్చులే లేవని భయపడే సందర్భంలో వైని అచ్చుగా చూడండి: ‘రిథమ్’, ‘మిత్’, ‘క్రిప్ట్’, ‘జిప్సీ’, ఒక్కదాంట్లోనూ ఏ, ఈ, ఐ, ఓ, యూలు లేవు. దానికి పూర్తిగా ఎదురు ‘ఎడ్యుకేషన్’, ఐదు అచ్చులూ ఒక్కొక్కసారి వస్తాయి. ‘కాలీఫ్లవర్’ కూడా అంతే. ‘ఫసీషస్’ అనే మాటలో ఆ ఐదూ అక్షరమాల వరసలోనే వస్తాయి, వేళాకోళంగా మాట్లాడటం అని దానర్థం.

ఇదే రకం ప్రశ్న పెద్దలకూ ఎదురవుతుంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) లాంటి పోటీ పరీక్షల రీజనింగ్‌లో ‘ఇచ్చిన పదంలోని అక్షరాలతో ఏర్పడని పదం ఏది’ అని అడుగుతారు. అది పైన చెప్పిన రెండో ప్రశ్న. ఇచ్చిన మాట ‘డిటర్మినేషన్’ అనుకోండి, ఎంపికలు ‘డిటెన్షన్’, ‘టర్మినేట్’, ‘డామినేట్’, ‘డెస్టినేషన్’. ఎంపికలన్నీ అక్షరం అక్షరం కొట్టుకుంటూ కూర్చుంటే టైం అయిపోతుంది. ఎంపికల్లో ఒక్కదాంట్లోనే ఉన్న అక్షరాన్ని ముందు పట్టుకోవాలి. ‘డెస్టినేషన్’ స్పెల్లింగ్‌లో ఎస్ ఉంది, మూలపదంలో ‘షన్’ అని వినబడుతుంది గానీ అక్కడ రాసేది టీ, ఎస్ లేనే లేదు. అయిపోయింది. ఇంకాస్త ముదురు పేపర్ అయితే ‘రిట్రీట్’ ఇస్తారు. అందులో అక్షరాలన్నీ మూలపదంలో ఉన్నవే, కానీ ఆర్ రెండు కావాలి, మూలంలో ఆర్ ఒక్కటే. కోచింగ్‌కు వెళ్లే కుర్రాళ్లు ఎక్కువగా పడేది ఈ గోతిలోనే. ఉందా లేదా అని చూస్తారు, ఎన్ని ఉన్నాయని చూడరు.

ఇప్పుడు మీరు వెళ్లిన వెబ్‌సైట్ల సంగతి. అవి పదాలను ఎక్కడి నుంచో పుట్టించవు, ఒక జాబితా ముందు పెట్టుకుని అందులో వెతుకుతాయి. జాబితా మారితే జవాబూ మారుతుంది. స్క్రాబుల్ పోటీల్లో మనవైపు, బ్రిటన్‌లో వాడే కాలిన్స్ జాబితా 2019 నాటి కూర్పులో 2,79,496 పదాలున్నాయి. ఉత్తర అమెరికా వాళ్ల జాబితా అంతకంటే చిన్నది, 1,90,000 పైచిలుకు. 2021 అక్టోబరులో జోష్ వార్డల్ జనం ముందు పెట్టి, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్‌కు అమ్మిన, ఐదక్షరాల పదాన్ని ఊహించే ‘వర్డిల్’ ఆటలో, జవాబులుగా వచ్చే పదాలు మొదట్లో కేవలం 2,300 చిల్లర. ఊహించడానికి మాత్రం సుమారు 13,000 ఒప్పుకునేవారు. అంటే ఒక మాట ‘ఉంది’ అనడం వేరు, మామూలు మనిషికి తెలుసు అనడం వేరు. ఆ తేడా ఆట కట్టినవాళ్లకు తెలుసు, మీరు చూసిన వెబ్‌సైట్‌కు తెలియదు. అది కాలిన్స్ లాంటి పెద్ద జాబితాను యథాతథంగా మీ ముందు కుమ్మరించింది.

అందుకే పాప కోసమైతే వచ్చిన పదాల్లో పాపకు అర్థం తెలిసినవే తీసుకోండి. తెలియని మాట కాపీ కొట్టి రాస్తే టీచర్ అర్థం అడిగినప్పుడు ఇబ్బంది. వెబ్‌సైట్లలో వన్‌లుక్ నాకు నచ్చుతుంది, అది ఎన్నో నిఘంటువులను కలిపి వెతుకుతుంది. అక్కడ ప్రశ్నార్థకం గుర్తు ఒక అక్షరానికి, నక్షత్రం గుర్తు ఎన్ని అక్షరాలకైనా నిలుస్తుంది. నక్షత్రం, ఎస్-టీ-ఏ-ఆర్, మళ్లీ నక్షత్రం అని కొడితే ‘మస్టర్డ్’, ‘కస్టర్డ్’ లాంటివన్నీ బయటికొస్తాయి. నాలుగో రకం ప్రశ్నకు ఇది చాలు.

కింద ఇంకో సోదరుడు అడిగారు, ఇది ప్రోగ్రాంగా రాయాలంటే ఎలా అని. చాలామంది ఇంజినీరింగ్ పిల్లలు చేసే పొరపాటు ఒకటుంది. అక్షరాలను అన్ని రకాలుగా పేర్చి, ఒక్కోటీ నిఘంటువులో ఉందా అని అడుగుతారు. ఏడు అక్షరాలకు 5,040 పేర్పులు, ఫరవాలేదు. పది అక్షరాలకు 36,28,800. పన్నెండుకు 47,90,01,600, దాదాపు 48 కోట్లు. లాప్‌టాప్ ఫ్యాను రొద పెడుతుంది. నిఘంటువు మొత్తం కలిపినా మూడు లక్షల మాటలు లేవు కదా, ఎదురు దారిలో రండి. పదాలన్నీ ఒకసారి చదువుతూ, ఒక్కోదానికి ‘ఇందులో నాకు కావలసిన అక్షరాలు కావలసినన్ని ఉన్నాయా’ అని అడగండి. కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతుంది.

అనగ్రామ్‌లకైతే, అంటే అవే అక్షరాలను తిప్పి పేర్చితే వచ్చే మాటలకైతే, ఇంకా అందమైన ఉపాయం. ప్రతి మాటలోని అక్షరాలను అక్షరమాల క్రమంలో సర్దండి. ‘స్టేర్’, ‘టియర్స్’, ‘రేట్స్’ మూడూ సర్దితే ఏ-ఈ-ఆర్-ఎస్-టీ అని ఒకే రూపం వస్తుంది. స్క్రాబుల్ వాళ్లు దీన్నే ఆల్ఫాగ్రామ్ అంటారు. రూపం ఒకటే అయిన మాటలన్నీ ఒకే గూట్లో వేస్తూ పోతే, ఎవరు ఏ అక్షరాలిచ్చినా వాటిని సర్ది, ఆ గూడు తెరిస్తే చాలు.

ప్రోగ్రామింగ్ రాకపోతే ఎక్సెల్ చాలు. ఒక వరసలో పదాల జాబితా పెట్టుకోండి. పక్క వరసల్లో సెర్చ్ ఫంక్షన్‌తో ఒక్కో అక్షరం ఉందో లేదో చూడండి, ఉంటే అది ఎన్నో స్థానమో అంకె ఇస్తుంది, లేకపోతే ఎర్రర్ ఇస్తుంది. ఐదు వరసల్లోనూ అంకెలే ఉన్న పదాలు మీకు కావలసినవి. ఒక అక్షరం ఎన్నిసార్లు ఉందో కావాలంటే, సబ్‌స్టిట్యూట్‌తో ఆ అక్షరాన్ని తీసేసిన తర్వాత పదం పొడవెంతో చూసి, అసలు పొడవులోంచి తీసివేయండి. మ్యాక్, లినక్స్ వాడేవారు ఫైల్‌లో వెతికే గ్రెప్ అనే కమాండ్‌ను ఐదుసార్లు ఒకదాని వెనక ఒకటి తగిలిస్తే సరిపోతుంది, ఒక్కో జల్లెడలో ఒక్కో అక్షరం లేని మాటలు రాలిపోతాయి. కానీ మ్యాక్‌లో ముందే ఉండే పదాల ఫైల్ 1934 నాటి వెబ్‌స్టర్ నిఘంటువు నుంచి తీసినది. సుమారు 2,35,000 పదాలున్నా, బహువచనాలు చాలావరకు ఉండవు. మన ఉదాహరణలో సగం ఎస్‌తో ముగిసే బహువచనాలే, కాబట్టి ఆ ఫైల్ నమ్ముకుంటే ‘క్రేట్స్’ లాంటివి చేజారిపోతాయి.

వర్డిల్ ఆడేవారికి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. చివరి నాలుగు ఐ-జీ-హెచ్-టీ అని ఆకుపచ్చగా, అంటే సరైన చోటే ఉన్నాయని, తేలిపోయిందనుకోండి, సంబరపడకండి. ‘ఫైట్’, ‘లైట్’, ‘మైట్’, ‘నైట్’, ‘రైట్’, ‘సైట్’, ‘టైట్’, ‘ఎయిట్’ ఇన్ని ఉన్నాయి. ఒక్కోటీ కొడుతూ పోతే ఛాన్సులు అయిపోతాయి. జవాబు కాదని తెలిసీ ‘ఫిల్మ్స్’ కొట్టండి. ఎఫ్, ఎల్, ఎం, ఎస్ నాలుగూ ఒకే దెబ్బకు తేలిపోతాయి. దొరికిన అక్షరాలను ప్రతిసారీ వాడి తీరాల్సిన హార్డ్ మోడ్‌లో ఇది ఒప్పుకోదు.

స్క్రాబుల్ దగ్గరికి వస్తే నేను ఆగలేనని ముందే చెప్పాను. 1930ల్లో అమెరికాలో ఆర్థిక మాంద్యం వల్ల ఉద్యోగం పోయిన ఆర్కిటెక్ట్ ఆల్ఫ్రెడ్ బట్స్ ఈ ఆట కట్టాడు. ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో పత్రికల మొదటి పేజీల మీద లెక్కపెట్టి బిళ్లల సంఖ్య తేల్చాడు. వంద బిళ్లల్లో ఈ పన్నెండు, ఏ తొమ్మిది, ఐ తొమ్మిది. క్యూ, జెడ్ ఒక్కొక్కటే, పదేసి పాయింట్లు. ఎస్ మాత్రం నాలుగే పెట్టాడు, ప్రతివాడూ చివర ఎస్ తగిలించి బహువచనాలతో గెలిచేస్తాడని. మీ పాప వర్క్‌షీట్‌లో ఏ, ఈ, ఆర్, ఎస్, టీ ఇవ్వడం యాదృచ్ఛికమో కాదో గానీ, ఇంగ్లిష్‌లో ఇంతకంటే మంచి ఐదు దొరకవు. వీటికి ఐ చేరిన ‘సెటైర్’ను స్క్రాబుల్ ఆటగాళ్లు మొదట్లోనే బట్టీ పడతారు, ఏడో బిళ్లగా ఏది వచ్చినా పెద్ద మాట దొరికే అవకాశం ఎక్కువ. ఎన్ వస్తే ‘రిటెయిన్స్’, ‘నాస్టియర్’, ‘స్టెయినర్’, ‘రెటినాస్’ అన్నీ ఆ ఏడు అక్షరాలతోనే. చేతిలోని ఏడు బిళ్లలూ ఒకేసారి దించితే 50 పాయింట్లు అదనం, అందుకే ఈ తంటా.

క్యూ వచ్చి యూ రాలేదని ఏడవక్కర్లేదు. మనకు తెలిసిన మాటలే ఆదుకుంటాయి: ‘ఫకీర్’ను కేకు బదులు క్యూతో రాయొచ్చు, ‘కవ్వాలీ’, ‘నికాబ్’, ‘తలాక్’ అన్నీ కాలిన్స్ జాబితాలో ఉన్నాయి. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకు ఇదొక లాభం. ఆర్, వై, ఓ, టీ ఇస్తే ఇంగ్లండు వాళ్లు ‘టోరీ’ అంటారు, నాకు మొదట తట్టేది ‘రయట్’, అంటే మన రైతు. మన ‘రైతు’, ఆ ‘రయట్’ రెండూ అరబ్బీ నుంచి వచ్చిన ఒకే మాట నుంచి పుట్టినవి. ఇంకోటి చెప్పనా? ‘బ్యాండికూట్’ అనే తొమ్మిదక్షరాల మాట మన పందికొక్కు. తెలుగు నుంచే ఇంగ్లిష్‌లోకి వెళ్లింది, వాళ్ల నిఘంటువులే ఆ మాట చెబుతాయి. ఒకసారి ఆ మాట బోర్డు మీద పేర్చే అవకాశం వచ్చింది, ఎదుటివాడు తన మాటతో ఆ చోటు మూసేశాడు. ఇప్పటికీ బాధే.

అర్థం తెలియకుండా అక్షరాలే చూసి మాటలు పట్టడం ఎంతదూరం పోతుందో తెలుసుకోవాలంటే నైజెల్ రిచర్డ్స్‌ను చూడాలి. న్యూజీలాండ్ మనిషి, ఇంగ్లిష్ స్క్రాబుల్‌లో ఎన్నోసార్లు ప్రపంచ విజేత. 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు, ఫ్రెంచ్‌లో మాట్లాడటం రాదు. 2024లో స్పానిష్‌లోనూ గెలిచాడు, అదీ రాదు. పదాల జాబితా మొత్తం కంటితో మింగేశాడంతే. నేను పాపకు ఆ దారి చెప్పను. అర్థం తెలియకపోతే ఆ ఇరవై మాటలూ వారానికి మరిచిపోతుంది.

పాపకు ఈ సాయంత్రం ఒక పని చెప్పండి. గుండ్రంగా ఐదు అక్షరాలు రాసి, ఏ నుంచి జెడ్ దాకా ఒక్కొక్కటి చేర్చుకుంటూ తనకు తెలిసినవి రాయమనండి. పీ దగ్గర, బీ దగ్గర నేను కావాలనే ఖాళీ వదిలేశాను. పీకి భోజనం అనే అర్థం వచ్చే పాతకాలపు మాట ఒకటుంది, మొదటి అక్షరం ఆర్. రేపు ‘స్టార్’ కొట్టేసిన పేజీ మీద పాపే టీచర్‌ను అడగొచ్చు, ఐదూ ఉండాలా, ఐదింటిలోంచి ఏవైనా సరిపోతాయా అని. దొరికినవి ఇక్కడ కామెంట్లో పెట్టండి, దిద్ది పెడతాను.